పెళ్లికి పాత చీరే కట్టుకెళ్లండి

శుభలేఖ ఇంట్లో అడుగుపెట్టగానే బీరువా తలుపు తెరుచుకుంటుంది. ఉన్న పట్టుచీరలన్నీ మంచం మీదికి వస్తాయి. ఇది చిన్నత్త కూతురి పెళ్లిలో కట్టింది, ఇది ఎదురింటివాళ్ల గృహప్రవేశానికి కట్టింది, ఇది మొన్నటి ఓణీల ఫంక్షన్ ఫొటోల్లో పడిపోయింది. చివరికి కట్టుకోవడానికి ఒక్కటీ లేదని తేలుతుంది. సాయంత్రానికి ఇల్లంతా బట్టల షాపులో ఉంటుంది.

ఈ పద్ధతి మారాలని నా కోరిక. అందుకే కొన్ని సలహాలు రాస్తున్నాను. షాపులవాళ్లకి ఇవి నచ్చవు, ఈవెంట్ మేనేజర్లకి నచ్చవు, "నలుగురిలో మన పరువేం కావాలి" అనే పెద్దవాళ్లకి అసలే నచ్చవు. ఎదురు సలహాలంటారు, అప్రాచ్యపు సలహాలంటారు. అన్నా సరే, ప్రతి మాటా ఆలోచించే రాస్తున్నాను, మీరు పాటించాలనే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి గుర్తు చేసుకుందాం. తెలుగువారి పెళ్లిలో చాలా ఇళ్లలో తాళి కట్టే వేళకి వధూవరులు ఏం కట్టుకుంటారు? మధుపర్కాలు. ఎర్రంచు తెల్ల నూలు చీర, ఎర్రంచు తెల్ల నూలు పంచె. కొందరు వాటిని పసుపు నీళ్లలో తడిపి ఆరబెడతారు. అంతవరకూ ఎంత ఖరీదైన కంచిపట్టులో కూర్చున్నా, ఆ ఘడియకి పెళ్లికూతురు లోపలికి వెళ్లి ఆ నూలు చీర కట్టుకుని వస్తుంది. పెళ్లంతటికీ పవిత్రమైన క్షణానికి మన పెద్దలు ఎంచిన బట్ట అది. సాక్షాత్తూ వధూవరులకే నూలు బట్ట చాలినప్పుడు, అక్షింతలు వేసి భోజనం చేసి వచ్చే మనకెందుకు చాలదు? కింది సలహాలన్నీ ఈ ప్రశ్నలోంచి వచ్చినవే.

1. కట్టిన చీరే మళ్లీ కట్టండి

ఒక ముహూర్తాల సీజనుకి ఒకే పట్టుచీర పెట్టుకోండి. మాఘంలో మొదలుపెట్టి జ్యేష్ఠం దాకా ఎన్ని పెళ్లిళ్లు వస్తే అన్నింటికీ అదే కట్టండి. ఎవరో ఒకరు అడుగుతారు. "ఏమ్మా, ఈ చీర మొన్న గుంటూరు పెళ్లిలో కట్టావు కదూ?" అంటారు. "అవును వదినా, ఇదే. మీ అబ్బాయి పెళ్లికీ ఇదే కట్టుకొస్తా" అనండి, నవ్వుతూ అనండి. రెండోసారి ఎవరూ అడగరు. అడిగినావిడ కూడా మరుసటి పెళ్లికి బీరువాలోంచి పాతది తీసే ధైర్యం తెచ్చుకుంటుంది.

చీర మళ్లీ కడితే పరువు పోతుందనేవాళ్లకి హైదరాబాదు చరిత్ర తెలుసు, గుర్తు రాదంతే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ని ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా టైమ్ పత్రిక 1937 ఫిబ్రవరిలో ముఖచిత్రం మీద వేసింది. అదే నిజాం పాతబడిన షేర్వాణీతో, మాసిన టోపీతో తిరిగేవాడని ఆయన్ని చూసినవాళ్లు రాశారు. ఆయన పిసినారితనాన్ని నేను మెచ్చుకోవడం లేదు. అన్ని వజ్రాలున్న మనిషికి పాత షేర్వాణీ వల్ల తగ్గని హోదా, మన ఇంటి ఆడపడుచుకి పాత చీర వల్ల ఎలా తగ్గుతుందో చెప్పమంటున్నాను.

ఒకే చీర ఏళ్ల తరబడి కట్టాలంటే దాన్ని చూసుకోవడం తెలియాలి. పెళ్లి నుంచి రాగానే మడతపెట్టి లోపల పడేయకండి. ఆ రాత్రంతా నీడన, గాలి తగిలేచోట ఆరేయండి. చెమట ఆరాకే మడత పెట్టండి. పాత నూలు చీర ముక్కలో గానీ మల్లు గుడ్డలో గానీ చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, జరీ నల్లబడుతుంది. రెండు మూడు నెలలకోసారి బయటికి తీసి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత వెంబడే పట్టు చిరుగుతుంది. కొన్నేళ్లకి మెరుపు తగ్గితే రోలింగుకి ఇవ్వండి. కొత్త చీర ఖర్చులో అది ఏ మూలకి?

జాకెట్టు సంగతీ ఇంతే. ఇప్పుడు చీర కంటే మగ్గం వర్క్ జాకెట్టుకే ఎక్కువ పోస్తున్నారు. ఆ పని చేయించిన జాకెట్టు ఆ ఒక్క చీరకే సరిపోతుంది, రెండేళ్లకి ఒంటికి పట్టదు. మామూలు జాకెట్టు కుట్టించుకోండి, లోపల రెండు వైపులా కుట్టు విప్పుకోవడానికి గుడ్డ వదలమని టైలరుకి గట్టిగా చెప్పండి.

"అందరూ పాతవే కడితే నేతగాళ్ల గతేం కావాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆషాఢం తగ్గింపుల్లో అయిదారు చీరలు వేసుకొచ్చినప్పుడు వాటిలో చేతిమగ్గం మీద నేసినవి ఎన్నుంటాయి? మరమగ్గం నకళ్లు కొన్నన్నాళ్లూ మన డబ్బు నేతగాడి గడప తొక్కదు. అంచు ఉన్న నూలు చీర, పట్టుచీర చేనేతకే దక్కాలని 1985లో పార్లమెంటు చట్టమే చేసింది. అయినా పోచంపల్లి డిజైను అచ్చు వేసిన చీరలు బజారు నిండా దొరుకుతున్నాయి. అసలు పోచంపల్లిలో ముందు నూలుకే రంగులద్ది ఆ తర్వాత నేస్తారు, అందుకే చీర రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. తిరగేసి చూడండి, వెనక వైపు వెలిసినట్టుంటే అది అచ్చు వేసింది. ఇలాంటి అయిదు మానేసి అసలైనది ఒక్కటి కొని, పదేళ్లు కట్టండి. నేతగాడికి మేలు చేసే దారి ఇదే.

2. మగవాళ్లు సూటు విప్పేయండి

మన ముహూర్తాలు చాలావరకు ఎండాకాలంలోనే పడతాయి. రెంటచింతలలోనూ రామగుండంలోనూ 45 డిగ్రీలు దాటే రోజులవి. ఆ రోజుల్లో రిసెప్షన్ స్టేజీ మీద పెళ్లికొడుకుని చూడండి. పాలిస్టర్ లైనింగు వేసిన కోటు, దాని కింద వెయిస్ట్‌కోటు, దాని కింద పూర్తి చేతుల చొక్కా, మెడకి టై. ఎదురుగా వీడియో లైట్లు. అరగంటకోసారి ఎవరో వచ్చి నుదురు తుడిచి పౌడరు అద్దుతారు. అద్దెకి తెచ్చిన సూటైతే మరీ కష్టం. మెడ దగ్గర అది ఎవరి కొలతో, భుజాల దగ్గర ఇంకెవరి కొలతో.

సూటు చలిదేశాల బట్ట. వాళ్ల చలికి, వాళ్ల ఉన్నికి, వాళ్ల భోజనశాలలకి అది సరిపోయింది. మనకి పంచె ఉంది. మంగళగిరి నూలుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, ఆ దూదితో సన్నని నూలు వడికి నేసే ఖద్దరుంది. చేప పళ్లు దువ్వెన పళ్లలా గింజ మీది పోగుల్ని సాఫు చేసి ఒకవైపుకి తెస్తాయి. ఇంత ఓపికతో చేసిన బట్టని ఇంట్లో పెట్టుకుని అద్దె కోటు వేసుకోవడం మర్యాద ఎలా అవుతుంది?

1931 నవంబరులో గాంధీజీ లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి ఇచ్చిన తేనీటి విందుకి కొల్లాయితో, పైన శాలువాతో వెళ్లారు. బకింగ్‌హామ్ రాజప్రాసాదం తలుపులు ఆ వేషానికి తెరుచుకున్నాయి. మన ఊరి ఏసీ ఫంక్షన్ హాలు నూలు చొక్కాకి మూసుకుపోతుందా? న్యాయవాదుల్నే చూడండి. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో ఎండాకాలం నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. కోర్టు చూపిన దయ పెళ్లికొడుకు మీద మనం చూపలేమా?

పెళ్లికొడుకు తండ్రికి ఒక్క మాట. సూటు కుట్టించే ముందు అబ్బాయిని అడగండి. మామగారు పెడుతున్నారు కాబట్టి వేసుకోవాలన్న మొహమాటం వాడికి మీరే తీసేయాలి.

3. పసుపు ఫంక్షన్‌కి ఇంట్లో అతి పాతది వేసుకోండి

నలుగు పెట్టేటప్పుడు పాత బట్ట కట్టించడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉంది. కారణం అందరికీ తెలుసు. నూనె, సున్నిపిండి, పసుపు ఒకసారి అంటితే ఆ మరక వదలదు. చుట్టూ చేరిన పిన్నులూ వదినలూ కూడా ఇంట్లో కట్టే నేత చీరలతోనే వచ్చి, నవ్వుకుంటూ, పాడుకుంటూ, ఒకరి బుగ్గకి ఒకరు పసుపు పూసేవాళ్లు.

ఇప్పుడు అదే వేడుక హల్దీ పేరుతో వస్తోంది. పెళ్లికూతురికి పసుపురంగు లెహంగా, అక్కచెల్లెళ్లకి పసుపురంగు, మగపిల్లలకి పసుపురంగు కుర్తాలు. అన్నీ కొత్తవే. తీరా పసుపు పూయబోతే "అయ్యో, డ్రెస్సు మీద పడనివ్వకు" అని వెనక్కి జరుగుతారు. ఫొటో కోసం బుగ్గ మీద ఒక చుక్క పెడతారు. ఏ పసుపు కోసం అందరూ చేరారో ఆ పసుపుకే భయపడాల్సి వచ్చింది.

కాబట్టి ఆ రోజుకి వెలిసిపోయిన నూలు చీర తీయండి, చిరిగినా ఫరవాలేదు. వాట్సాప్ గ్రూపులో "అందరూ ఎల్లో" అని వస్తే, మీ దగ్గర ఉన్నదే వేసుకొస్తానని ముందుగానే, మర్యాదగానే చెప్పండి. ఆ గ్రూపులో ఆ మెసేజీ చదివి, నెల చివర్లో డబ్బెక్కడిదా అని మౌనంగా లెక్కలు వేసుకుంటున్న బంధువు ఒకరైనా ఉంటారు. మీరు చెప్పిన మాట వాళ్లని కాపాడుతుంది.

4. పెట్టడానికి కొత్త చీర కొనకండి

షాపుల్లో పెట్టుబడి చీరలని వేరే వరసే ఉంటుంది. కొనేవాళ్లు కట్టరు, పుచ్చుకున్నవాళ్లు కట్టరు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, ఆ ఇంటి నుంచి మరో పేరంటానికి, కవరు కూడా విప్పకుండా తిరుగుతుంటాయి. జాకెట్టు ముక్కల సంగతి చెప్పనక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఒక సంచి నిండా ఉంటాయి, ఒక్కటీ కుట్టడానికి చాలదు.

మీరు ఇష్టంగా కట్టిన చీరే పెట్టండి. కట్టిన బట్ట పెడితే అవమానమని మనకి నేర్పారు. కానీ అమ్మ చీర కూతురు దాచుకోవడం లేదా? అమ్మమ్మ పట్టుచీరతో మనవరాలికి లంగా కుట్టించడం లేదా? మేనకోడలి పెళ్లికి వందల్లో తేలిపోయే చీర కాకుండా, మీ పెళ్లినాటి గద్వాల చీర ఉతికించి, రోలింగు చేయించి, "ఇది నా పదహారు రోజుల పండక్కి కట్టింది తల్లీ" అని చేతిలో పెట్టండి. గద్వాల చీరకి ఒళ్లంతా నూలు, అంచూ పమిటా పట్టు, వాటిని మగ్గం మీదే కలుపుతారు. ఎండలో చల్లగా ఉంటుంది, పండక్కి పండగలా ఉంటుంది. అమ్మాయి దాన్ని తప్పకుండా కడుతుంది.

5. పిల్లల బట్టలు పిల్లల్నే అడగండి

ఓసారి ఏ ఫంక్షన్ హాల్లోనైనా పిల్లల్ని దగ్గరగా చూడండి. నాలుగేళ్ల పాపకి నెట్టు గౌను, లోపల బిరుసు క్యాన్‌క్యాన్. నడుము దగ్గర కుట్టు గీరుకుని ఎర్రటి గీత పడుతుంది. మెడ వెనక జరీ అంచు ఒరుసుకుని పొక్కులు లేస్తాయి. పాప గోక్కుంటుంది, "కదలకు, నలిగిపోతుంది" అని కసురుతారు. పక్కన బాబు షేర్వాణీ గుండీలు విప్పుకుంటుంటే తల్లి మళ్లీ పెడుతుంటుంది. భోజనాల వేళకి ఇద్దరూ ఏడుస్తారు. పెళ్లంటే పిల్లలకి అదే గుర్తుండిపోతుంది.

బడి నుంచి రాగానే వేసుకునే నూలు గౌనే వేయండి. తప్పదనుకుంటే పావడా జాకెట్టు నూలులో కుట్టించండి, జరీ లేకుండా, లోపల మెత్తటి లైనింగుతో. వాళ్లు పరుగెత్తాలి, కుర్చీల కింద దూరాలి, అరిటాకు మీద జాంగ్రీ పాకం ఒలకబోసుకోవాలి. పెళ్లిపందిరికి అందం తెచ్చేది ఆ సందడే.

6. భర్త పోయిన అత్తకి ఎర్రంచు పట్టుచీర కట్టించి ముందు వరసలో కూర్చోబెట్టండి

ఈ సలహా అన్నింటికంటే ముఖ్యమైంది. చాలామంది ఒప్పుకోనిదీ ఇదే.

పెళ్లిలో బట్టల నియమాల బరువు అందరికంటే ఎక్కువగా మోసేది భర్త పోయిన ఆడవాళ్లు. ముదురు రంగు కడితే "ఈ వయసులో ఇదేంటి" అంటారు, లేత రంగు కట్టి పక్కన నిలబడితే "పాపం" అంటారు. కన్నకూతురి పెళ్లిలో కూడా పీటల దగ్గరికి రాకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లులు మన ఇళ్లలో ఉన్నారు. ఆవిడ పాతికేళ్లుగా దాచుకున్న పెళ్లి పట్టుచీర బీరువా అడుగునే ఉండిపోతుంది.

కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరంతా వెలివేస్తామన్నా ఆగలేదు. నూట నలభై ఏళ్లు దాటాయి. చీర రంగు దగ్గర మనం ఇంకా ఆగిపోయాం.

మీ ఇంట్లో శుభకార్యం ఉంటే ముందుగా ఆవిడ దగ్గరికే వెళ్లండి. "అత్తా, ఆ చీరే కట్టుకోవాలి. నువ్వు అక్షింతలు వేశాకే మిగతావాళ్లు" అని చెప్పండి. ఒకసారి చెబితే ఆవిడ వద్దంటుంది, నలుగురూ ఏమంటారోనని భయపడుతుంది. మళ్లీ చెప్పండి. పెళ్లిరోజు పొద్దున మీ చేత్తోనే కుచ్చిళ్లు సర్దండి, పూలు పెట్టండి. ఎవరైనా మొహం చిట్లిస్తే జవాబు ఆవిడ చెప్పుకోనక్కర్లేకుండా మీరు చెప్పండి.

7. పరామర్శకి బట్టలు మార్చుకోకండి

చావు కబురు వినగానే ఉన్నపళంగా వెళ్లండి. తెల్ల చొక్కా ఉతికి ఉందా, మెరుపు లేని చీర ఏది, ఆఫీసు బట్టలతో వెళితే బాగుంటుందా అని ఆలోచిస్తూ గంట పోగొట్టుకోకండి. దుఃఖంలో ఉన్న మనిషి మీ చీర రంగు చూడదు, ఎవరు ముందు వచ్చి పక్కన కూర్చున్నారో మాత్రం జీవితాంతం గుర్తుంచుకుంటుంది. నైటీ మీద చున్నీ వేసుకుని పరుగెత్తుకొచ్చిన పక్కింటావిడని మించిన మర్యాద లేదు.

8. నియమం పెట్టక తప్పకపోతే గుడిని చూసి నేర్చుకోండి

బట్టల నియమాలన్నీ చెడ్డవని నేననను. తిరుమల ఆర్జిత సేవలకి మగవాళ్లు పంచె, ఉత్తరీయంతో గానీ పైజమాతో గానీ రావాలి, ఆడవాళ్లు చీరతో, లంగావోణీతో, లేదా చున్నీ వేసుకున్న చుడీదార్‌తో రావాలి. ఈ నియమం అందరికీ ముందే తెలుసు. మంత్రికీ మామూలు భక్తుడికీ ఒకటే. ఇంట్లో ఉన్న బట్టతోనే సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు. మంచి నియమానికి ఉండాల్సిన లక్షణాలు ఇవే. ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కో రంగు అడిగే పెళ్లి థీముల్లో వీటిలో ఒక్కటీ ఉండదు.

కాలేజీ స్నాతకోత్సవాల నల్ల గౌనూ, పలక టోపీ సంగతి కూడా ఇప్పుడు కదులుతోంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2024 ఆగస్టులో తన పరిధిలోని వైద్య విద్యాసంస్థలకి లేఖ రాసి, వలస పాలన నాటి ఆ వేషం మాని, ఆయా రాష్ట్రాల సంప్రదాయం ప్రకారం దుస్తులు రూపొందించుకోమంది. మన విశ్వవిద్యాలయాలు చేనేత కండువా ఒక్కటి చాలనుకుంటే పట్టా పుచ్చుకునే పిల్లలకీ సుఖం, మంగళగిరి మగ్గానికీ పని.

9. శుభలేఖలో ఒక వాక్యం అచ్చు వేయించండి

ఇన్ని సలహాలు అతిథులకి చెప్పాను. అసలు బాధ్యత మాత్రం పెళ్లి చేసేవాళ్లది. పిలిచేవాళ్లు నోరు విప్పనిదే పిలుపు అందుకున్నవాళ్లకి భయం పోదు. బంధుమిత్రుల అభినందనలతో అని రాసే చోట కింద ఇంకొక్క వరస వేయించండి. "మీకు హాయిగా ఉండే బట్టల్లో రండి, కొత్తవి కొనవద్దని మా మనవి" అని తెలుగులో, అందరికీ కనబడే అక్షరాల్లో వేయించండి. చదివినవాళ్లు మొదట ఆశ్చర్యపోతారు. తర్వాత వాళ్ల నెల జీతంలో కొంత మిగులుతుంది. వేరే ఊరు నుంచి చేతిలో చిన్న సంచితో రాగలుగుతారు. "బట్టల్లేవు" అని ఎగ్గొట్టే దూరపు బంధువు కూడా వస్తాడు.

వచ్చే ముహూర్తాల్లో మీ ఇంట్లో పెళ్లి ఉంటే ఆ వాక్యం వేయించండి. లేదా ఎవరి పెళ్లికైనా వెళుతుంటే నిరుటి చీరే కట్టుకెళ్లండి. అలా వచ్చినవాళ్లెవరైనా మీకు కనబడితే, పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.